వేజర్ నది మీద నాన్నతో: నడవని లాంచీ, నడిచిన లాకులు

ముందే చెప్పేస్తున్నాను. జర్మనీలో వేజర్ నది ఎగువ భాగానికి ఆగస్టులో వెళ్ళేవాళ్ళెవరూ లాంచీ టికెట్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనకండి. రేవు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు చూసి, ఈ రోజు లాంచీ ఎక్కడిదాకా వెళుతుందో నోటితో అడిగి, అప్పుడు డబ్బులు తీయండి. మూడు గంటల ప్రయాణానికి మేము 72 యూరోలు కట్టాం. నలభై నిమిషాలు తిప్పి దింపేశారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మా నాన్న ధవళేశ్వరంలో లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. లాకు అంటే కాలవలో రెండు గేట్ల మధ్య నీళ్ళు నింపీ తీసీ పడవని పైకీ కిందికీ దాటించే తొట్టి. గోదావరి కాలవల్లో ధాన్యం పడవలూ కొబ్బరికాయల పడవలూ లాకు గేట్ల ముందు వరసకట్టి నిలబడిన రోజులు చూసిన మనిషి. ఆ పడవలన్నీ లారీలు మింగేశాక, గేట్లకి గ్రీజు పెట్టించుకుంటూ మిగతా సర్వీసు పూర్తిచేశారు. జూన్‌లో అమ్మా నాన్నా హానోవర్‌లో మా ఇంటికి వచ్చారు. రెండు నెలలు గడిచేసరికి నాన్న దాదాపు మాట్లాడటం మానేశారు. పొద్దున్నే లేచి బాల్కనీలో కూర్చోవడం, ఫోన్‌లో బ్యారేజీ నీటిమట్టం చూసుకోవడం, అంతే. ‘ఆయన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళవే, ఇలాగైతే ఒంట్లో బాగోదు’ అని అమ్మ రోజూ చెప్పేది. పారిస్, స్విట్జర్లాండ్ అన్నాను, తల అడ్డంగా ఊపారు. మాకు గంట దూరంలో ఒక నది మీదుగా ఇంకో కాలవ వంతెనెక్కి పోతుందనీ, అక్కడ లాకులున్నాయనీ చెప్పాను. ‘ఎంత ఎత్తు లాకు?’ అని అడిగారు. ప్రయాణం అలా ఖాయమైంది. మా ఆయనకి సెలవు దొరకలేదు. మేం ముగ్గురమే బయల్దేరాం. శుక్రవారం నుంచి ఆదివారం దాకా కారు అద్దె 147 యూరోలు, పెట్రోలు 46.

వేజర్ పుట్టే ఊరు హాన్ మ్యుండెన్. పుట్టడమంటే కొండలోంచి ఊటగా పుట్టడం కాదు. తూర్పు నుంచి వెర్రా, దక్షిణం నుంచి ఫుల్డా వచ్చి ఆ ఊళ్ళో కలుస్తాయి. కలిసిన చోటు నుంచి పేరు వేజర్. ‘వెర్రా? నదికి ఎవరైనా ఆ పేరు పెడతారా!’ అని అమ్మ నవ్వింది. నిజానికి వెర్రా, వేజర్ ఒకే పాత మాటకి రెండు రూపాలట. సంగమం కొసన 1899లో నిలబెట్టిన ఒక రాయి ఉంది. వెర్రా, ఫుల్డా ముద్దు పెట్టుకున్న చోట వాటి పేర్లు పోగొట్టుకోక తప్పదని దాని మీద పద్యం చెక్కారు. నది కిలోమీటర్ల లెక్క ఇక్కడ సున్నా నుంచి మొదలు. ఇక్కడి నుంచి సముద్రం దాకా సుమారు 450 కిలోమీటర్లు, అదంతా జర్మనీలోనే.

ఊళ్ళో చెక్క చట్రాల పాత ఇళ్ళు ఏడు వందలకు పైగా ఉన్నాయి. అందరూ వాటికి ఫోటోలు తీస్తారు. మేమూ తీశాం. నాకు అంతకంటే నచ్చింది ఈ ఊరి పడవవాళ్ళ కథ. 1247లో మ్యుండెన్‌కి ఒక హక్కు దొరికింది. నది మీద వచ్చే ప్రతి సరుకూ ఈ రేవులో దింపి, ముందు ఊరివాళ్ళకి అమ్మజూపాలి. మిగిలింది ఈ ఊరి పడవల్లోనే ముందుకు పోవాలి. అది 1823 దాకా నడిచింది. 1707లో దెనీ పపాఁ అనే శాస్త్రవేత్త, ఆవిరితో చాలా ప్రయోగాలు చేసినవాడు, తెడ్ల చక్రాలు బిగించిన పడవలో కాసెల్ నుంచి ఫుల్డా మీదుగా ఇక్కడికి వచ్చాడు. వేజర్ దిగి బ్రేమెన్ చేరి, అక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్ళాలని ఆయన ఆలోచన. మ్యుండెన్ పడవవాళ్ళు అనుమతి లేదని ఆ పడవని పట్టుకుని ముక్కలు చేసేశారు. నాన్న ఈ కథ విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘వాళ్ళ పొట్ట కొడతాడనుకుని ఉంటారు, కానీ పడవ విరగ్గొట్టకూడదు’ అన్నారు.

ఆ రాత్రి బస గురించి రాయకుండా ఉండలేను. ఎక్కడో, ఎవరిదో పేర్లు వద్దు. నది ఒడ్డున పాత ఇంట్లో నడిపే చిన్న పెన్షన్, అంటే లాడ్జిలాంటిది, ముగ్గురికి ఒక గది 118 యూరోలు. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాబట్టి కింది అంతస్తు కావాలని రాశాను. సరేనని ఈమెయిల్ వచ్చింది. వెళ్ళేసరికి మూడో అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉన్నాయి. ఈమెయిల్ చూపిస్తే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశాం అన్నారు, అంతే. క్షమించండి అన్న మాట కూడా లేదు. అమ్మ ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ ఎక్కింది. పైకి చేరాక తువ్వాళ్ళకి మనిషికి 4 యూరోలు, కారు నిలపడానికి 8, ఊరి పన్ను మనిషికి 2 యూరోల 20 సెంట్లు. ఊరి పన్ను న్యాయమైనదే, విహారానికి వచ్చినవాళ్ళ దగ్గర చాలా ఊళ్ళు తీసుకుంటాయి. మిగతా రెండూ బుకింగ్‌లో ఎక్కడా లేవు. కార్డు మిషన్ పనిచేయట్లేదన్నారు. రాత్రి ఎనిమిదికి ఏటీఎం వెతుక్కుంటూ నేను ఊరంతా తిరిగాను. మొత్తం 144 యూరోల 60 సెంట్లు. పొద్దున్న టిఫిన్ మనిషికి 14 అడిగారు, వద్దన్నాం. అమ్మ హానోవర్ నుంచి చేసి తెచ్చిన పులిహోర మెట్ల మీదే కూర్చుని తిన్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈమెయిల్‌ని నమ్మకండి. బయల్దేరే రోజు పొద్దున్న ఫోన్ చేసి గది నంబరూ అంతస్తూ అడగండి.

ఇక లాంచీ. శనివారం ఉదయం పదిన్నరకి బయల్దేరాలి. కొండల మధ్య నుంచి కిందికి మూడు గంటలు, తిరిగి రావడానికి బస్సు. పది గంటలకే రేవుకి చేరాం. నాన్న టికెట్ల వైపు కూడా చూడకుండా నేరుగా వంతెన దగ్గరికి నడిచారు. అక్కడ స్తంభానికి నీటిమట్టం చూపే గేజి బద్ద ఉంది. దాన్నీ, దాని కింద బయటపడిన రాళ్ళనీ చూసి వచ్చారు.

‘అమ్మలూ, ఈ లాంచీ వెళ్ళదు.’

‘టికెట్టు ఇచ్చారు కదా నాన్నా.’

‘టికెట్టు నీళ్ళివ్వదుగా. గ్రోయిన్లు మొదలంటా బయటపడ్డాయి చూడు. ఆ మధ్య పాయలో వెళ్ళాలంటే అడుగు తగులుతుంది.’

ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా కట్టిన రాతి గట్ల గురించి ఆయన అన్నది. ఏటిగట్టు కోసుకుపోకుండా గోదావరిలో వేసే గ్రోయిన్లు మనకు తెలుసు. ఇక్కడ వాటి ముఖ్యమైన పని వేరు. నీటిని మధ్యకి నెట్టి, పడవ నడిచేంత లోతు ఉంచుతాయి. ఎగువ వేజర్‌లో, అంటే మ్యుండెన్ నుంచి మిండెన్ దాకా 200 కిలోమీటర్లలో, హామెల్న్ దగ్గర తప్ప ఎక్కడా ఆనకట్టా లాకూ లేవు. నది తన మానాన పారుతుంది. వాన లేకపోతే లోతు లేదు. అందుకే హామెల్న్ పైన సరుకు ఓడలు ఇప్పుడు దాదాపు కనిపించవు. షికారు లాంచీలూ కనూలూ మాత్రమే.

కౌంటర్‌లో అడిగాను. ‘కాసేపు ఆగండి’ అన్నారు. పదిన్నర అయింది, పదకొండు అయింది. నలభై, యాభై మంది ఎండలో నిలబడ్డారు. కూర్చోవడానికి రెండే బల్లలు. ఒకదాని మీద ఒక జర్మన్ పెద్దాయన జరిగి అమ్మకి చోటిచ్చారు. పదకొండు యాభైకి ఒకతను వచ్చి, నీళ్ళు తక్కువగా ఉన్నాయి, కిందికి వెళ్ళడం కుదరదు, ఇక్కడిక్కడే ఒక చుట్టు తిప్పుతాం అన్నాడు. మరి డబ్బులు? షరతుల్లో రాసే ఉందట, నీటిమట్టాన్ని బట్టి మార్గం మారవచ్చని. తేడా తిరిగి ఇవ్వరు. గట్టిగా అడిగిన నలుగురైదుగురికి వోచరు చేతిలో పెట్టారు. మా వోచరు విలువ 36 యూరోలు. త్వరలో రాజమండ్రి వెళ్ళిపోయే అమ్మానాన్నలకి ఆ వోచరు దేనికి?

నా ఫిర్యాదు నీళ్ళు లేనందుకు కాదు. వాన కురవకపోవడం లాంచీవాళ్ళ తప్పు కాదు. కానీ ఈ దేశంలో నది నీటిమట్టం ప్రతి పావుగంటకీ ప్రభుత్వమే బయటపెడుతుంది. పెగెల్‌ఆన్‌లైన్ అనే సైటులో ఏ ఊరి గేజి అయినా ఉచితంగా చూడొచ్చు. నేను తర్వాత చూశాను. మట్టం నాలుగు రోజులుగా తగ్గుతూనే ఉంది. నాన్నకి ఒక్క చూపులో తెలిసిన సంగతి రోజూ అదే నీళ్ళ మీద తిరిగేవాళ్ళకి ముందురోజు సాయంత్రం తెలియదా? ఒక్క ఈమెయిల్ పంపితే ఏం పోయింది? టికెట్టు అమ్మేటప్పుడు నా ఈమెయిల్ అడిగి మరీ తీసుకున్నారు.

లాంచీలో ఉన్న నలభై నిమిషాలూ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. నా మీద కోపమేమో అనుకుని నాకు టెన్షన్ పట్టుకుంది. దిగాక అడిగారు, ‘పైన రిజర్వాయరు ఏదీ లేదా వీళ్ళకి?’ అని. ఉంది. ఫుల్డాలో కలిసే ఎడర్ నది మీద 1914లో కట్టడం పూర్తయిన పెద్ద డ్యామ్. వేజర్‌లో పడవలకి ఎండాకాలం నీళ్ళివ్వడం, కింద మిండెన్ దగ్గర కాలవకి నీళ్ళు అందించడం దాని అసలు ఉద్దేశం. 1943 మే 17న బ్రిటిష్ విమానాలు బాంబులేసి దాన్ని పగలగొట్టాయి, వరదలో చాలామంది పోయారు, అదే ఏడాది మళ్ళీ కట్టేశారు. నిలవ సుమారు 20 కోట్ల ఘనమీటర్లు అని ఫోన్‌లో చదివి చెప్పాను. నాన్న వేళ్ళ మీద లెక్క వేసి, ‘ఏడు టీఎంసీలు’ అన్నారు. ‘ఏడు టీఎంసీలు పెట్టుకుని రెండు వందల కిలోమీటర్లు ఎండాకాలమంతా పడవ నడిపించాలంటే కష్టమే. అయిపోయుంటాయి.’ రిజర్వాయరు బాగా తగ్గినప్పుడు అందులో మునిగిన ఆసెల్ పాత వంతెన బయటపడుతుంది, దాన్ని చూడ్డానికి జనం పనిగట్టుకుని వెళతారు. లాంచీవాళ్ళ మీద నాకున్న కోపం నాన్నకి లేదు. ఆయన ధ్యాసంతా నీళ్ళ లెక్క మీదే.

బాడ్ కార్ల్స్‌హాఫెన్ మధ్యాహ్నం చూశాం. 1699లో కాసెల్ పాలకుడు కార్ల్ ఈ ఊరు కట్టించి, ఫ్రాన్స్ నుంచి మతం కోసం పారిపోయి వచ్చిన వాళ్ళకి ఇళ్ళిచ్చాడు. మ్యుండెన్ రేవు బెడద తప్పించుకోవడానికి ఇక్కడి నుంచి కాసెల్‌కి కాలవ తవ్వించబోయాడు. కొంత తవ్వాక ఆగిపోయింది. తెల్లటి ఇళ్ళ నడుమ ఆ రేవు కొలను మాత్రం మిగిలింది. గంట చాలు. ఫ్యుర్‌స్టెన్‌బెర్గ్ పింగాణీ కొట్లో అమ్మ ఒక కప్పు ధర చూసి మెల్లగా కింద పెట్టేసింది. హోక్స్‌టర్ పక్కన కోర్వై మఠం యునెస్కో జాబితాలో ఉంది, కానీ అప్పటికే సాయంత్రమైంది, బయటి నుంచి చూసి కదిలాం.

పొల్లె దగ్గర రోజు మారింది. కోట శిథిలం కింద రోడ్డు నేరుగా నదిలోకి దిగిపోతుంది. వంతెన లేదు. అవతలి ఒడ్డు నుంచి ఒక పంటు, అంటే కార్లని కూడా దాటించే బల్లకట్టు, వస్తోంది. రెండు కార్లు, నలుగురు సైకిళ్ళవాళ్ళు. ఇంజన్ చప్పుడు లేదు. నాన్న కారు దిగి నీళ్ళ అంచుదాకా వెళ్ళిపోయారు.

దీన్ని ఇక్కడ గీర్‌జైల్‌ఫేర్ అంటారు. ఒడ్డు నుంచి ఒడ్డుకి గట్టి తీగ కట్టి ఉంటుంది. ఆ తీగ మీద జారే కప్పీలకి పంటుని రెండు తాళ్ళతో కడతారు, ముందొకటి, వెనకొకటి. పంటు నడిపే ఆయన చక్రం తిప్పి ఒక తాడు వదులు చేసి, ఇంకోటి బిగిస్తాడు. పంటు ప్రవాహానికి ఏటవాలుగా తిరుగుతుంది. పారే నీరు దాని పక్కకి తగిలి, దాన్ని అడ్డంగా తోసుకుపోతుంది. తిరిగి రావాలంటే రెండో వైపు ఏటవాలు. డీజిలు లేదు, కరెంటు లేదు. ఎగువ వేజర్ మీద ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, గ్రోండె దగ్గర, లిప్పోల్డ్స్‌బెర్గ్ దగ్గర, వేకర్‌హాగెన్ దగ్గర. నాన్న ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. నరసాపురం రేవులో పంటు చూసిన మనిషి, కానీ అది ఇంజనుతో పోయేది.

కారుకి, ముగ్గురికి కలిపి 5 యూరోలు. అవతలికి వెళ్ళాం. నాన్న దిగలేదు. ‘మళ్ళీ ఒకసారి వెళదామా?’ అన్నారు. రెండు నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి కోరిక అది. కారు అవతల ఒడ్డున పెట్టి మేం ముగ్గురం మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. మా నాన్న కాలవ లాకుల్లో పనిచేశారని పంటాయనకి చెప్పాను. ఆయన నాన్న చేయి పట్టుకుని చక్రం మీద పెట్టాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆయన జర్మన్‌లో చెబుతున్నాడు, నాన్న తెలుగులో ‘ఆఁ, ఇప్పుడు వదలాలి, ఇప్పుడు లాగాలి’ అంటున్నారు. రెండూ సరిపోయాయి. మూడోసారి తర్వాత డబ్బులిస్తే తీసుకోలేదు. పొద్దున్న 72 యూరోలు పోగొట్టుకున్న నది మీదే సాయంత్రం 5 యూరోలకి ఇంత దొరికింది.

ఒడ్డున బల్లలు వేసిన చిన్న తిండి అంగడిలో తిన్నాం. నాన్నకి పొగపెట్టిన ట్రౌట్ చేప, ఉడికిన బంగాళాదుంపలు, 16 యూరోల 50. ముల్లు తీయడం చూసి పులస తిన్న చేయి అని అక్కడెవరికైనా తెలిస్తే బాగుండుననిపించింది. అమ్మకి కార్టోఫెల్‌పుఫర్, అంటే బంగాళాదుంప కోరుతో వేసిన అట్లు, పక్కన యాపిల్ గుజ్జు, 9 యూరోల 80. జర్మనీలో శాకాహారులకి ఏమీ దొరకదని నమ్మిన అమ్మ రెండో ప్లేటు చెప్పించుకుంది. అట్టు అంచు కరకరలాడాలి, మధ్య మెత్తగా ఉండాలి. వీళ్ళకి ఆ సంగతి తెలుసు.

రాత్రి బోడెన్‌వెర్డర్‌లో హోటల్, లిఫ్టు ఉంది, టిఫిన్‌తో 132. ఏ ఇబ్బందీ లేదు.

హామెల్న్‌కి సగం రోజు చాలు. ఎలుకల్ని వేజర్‌లో ముంచిన వేణువు మనిషి, కూలి ఇవ్వలేదన్న కోపంతో 1284 జూన్ 26న 130 మంది పిల్లల్ని తీసుకుపోయాడన్న కథ ఈ ఊరిదే. ప్రతి కొట్లో ఎలుక బొమ్మలే. రొట్టెతో చేసిన ఎలుక 4 యూరోలు, ఎండిపోయి ఉంది, కొనకండి. నది దగ్గరికి వెళ్ళండి. ఆనకట్టా, పక్కన లాకూ ఉన్నాయి. అక్కడ బల్ల మీద కూర్చుంటే డబ్బులేమీ అక్కర్లేదు.

అక్కడి నుంచి కొండల సందు దాటగానే నేల చదునవుతుంది. పోర్టా వెస్ట్‌ఫాలికా అంటారు ఆ సందుని. పక్కనే కొండ మీద 1896 నాటి కైజర్ విల్‌హెల్మ్ స్మారకం. దాని అవతలే మిండెన్.

మిండెన్ కోసమే వచ్చాం, మిండెన్ దానికి తగ్గట్టే ఉంది. రైన్ వైపు నుంచి ఎల్బే దాకా 325 కిలోమీటర్లు పోయే మిట్టెల్‌లాండ్ కాలవ ఇక్కడ వేజర్‌ని దాటుతుంది. నది కింద పారుతుంటే, దాని మీద వంతెనలో కాలవ. కాలవలో ఓడలు. పాత వంతెన మొదటి ప్రపంచయుద్ధం నాటిది, 1945లో యుద్ధం చివర పేల్చేశారు, తర్వాత మళ్ళీ కట్టారు. పక్కనే 1998లో ఇంకో వెడల్పు వంతెన. కోనసీమలో పి.గన్నవరం అక్విడక్టు (కాలవ వంతెన) మీద నిలబడి కింద గోదావరి వైనతేయ పాయని చూసిన వాళ్ళకి ఇది కొత్త కాదు. కానీ 110 మీటర్ల సరుకు ఓడ తలపై నుంచి పోవడం కొత్తే.

కాలవకీ నదికీ మధ్య తేడా సుమారు 13 మీటర్లు. ఆ తేడాని ఒకే దూకులో దాటించడానికి 1914లో కట్టిన లాకు ఉంది, 85 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాని పక్కన 2017లో తెరిచిన కొత్త లాకు, 139 మీటర్లు. పాతదాని గోడల్లో అరలు అరలుగా తొట్లున్నాయి. ఓడ దిగేటప్పుడు నీళ్ళన్నీ నదిలోకి పారబోయకుండా, పై నీళ్ళు పై అరలోకి, కింది నీళ్ళు కింది అరలోకి పంపి దాచుకుంటారు. తర్వాత ఓడని ఎక్కించేటప్పుడు ఆ నీళ్ళనే వెనక్కి వదులుతారు. నాన్న గంటన్నర రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. ‘మన లాకులో ఒక పడవ దాటితే ఒక తొట్టి నీళ్ళు కిందికి పోయినట్టే. కాలవలో పారే నీళ్ళే కదా, ఎవరూ పట్టించుకోలేదు. వీళ్ళకి పైన నది లేదు, కాలవే ఉంది, అందుకని దాచారు’ అన్నారు. నిజమే, కాలవకి తగ్గిన నీళ్ళని ఇక్కడ వేజర్ నుంచి పంపులతో ఎత్తిపోస్తారు.

లాకులోంచి దిగే షికారు పడవ ఎక్కాం, మనిషికి 14 యూరోలు. చెప్పిన టైముకి బయల్దేరింది, చెప్పినంత దూరమూ తిప్పింది. గోడలు తడిగా పైకి లేస్తుంటే అమ్మ ‘బావిలో దిగుతున్నట్టుంది’ అని నాన్న చొక్కా పట్టుకుంది. వేజర్ చూడ్డానికి ఒక్కటే రోజు ఉందంటే, హామెల్న్ వదిలేసి మిండెన్ వెళ్ళమంటాను.

మిండెన్ నుంచి బ్రేమెన్ దాకా నది వేరే మనిషి. ఏడు ఆనకట్టలు, ఏడు లాకులు. పెటర్స్‌హాగెన్, ష్ల్యుసెల్‌బుర్గ్, లాండెస్‌బెర్గెన్, డ్రాకెన్‌బుర్గ్, డోర్‌ఫెర్డెన్, లాంగ్‌వెడెల్, హెమెలింగెన్. నాన్న నా చేత చెప్పించుకుని నోటుబుక్కులో తెలుగులో వరసగా రాసుకున్నారు. ఇక్కడ వాన లేకపోయినా ఓడ ఆగదు.

తర్వాతి వారం రైల్లో బ్రేమెన్ వెళ్ళాం. ఊరు అందంగా ఉంది, రోలాండ్ విగ్రహం దగ్గర జనం ఎక్కువ, వాన పడింది. బ్రేమెన్ వంతెన దగ్గర నది 366వ కిలోమీటరు దాటి, మళ్ళీ సున్నా నుంచి లెక్క మొదలవుతుంది. ఇక్కడి నుంచి దిగువ వేజర్. సముద్రం పోటూ పాటూ, అంటే నీరు ఎక్కడం, తీయడం, ఇక్కడిదాకా వస్తాయి. మనిషికి 21 యూరోలు పెట్టి బ్రేమర్‌హాఫెన్ దాకా ఓడ ఎక్కాం, మూడున్నర గంటలు. నీరు తీస్తున్న వేళ బయల్దేరాం. ఒడ్డున బురద మెరుస్తోంది. ‘పాటు’ అన్నారు నాన్న.

బ్రేమెన్ కథంతా ఈ నది పూడికతోనే. ఓడలు ఊరిదాకా రాలేకపోతే 1619 నుంచి 1623 మధ్య కింద వేగెజాక్‌లో రేవు తవ్వారు. అదీ చాలక 1827లో మేయర్ యోహాన్ స్మిట్ సముద్రం దగ్గర హానోవర్ రాజ్యం నుంచి నేల కొని బ్రేమర్‌హాఫెన్ ఊరే పెట్టించాడు. చివరికి లుడ్విగ్ ఫ్రాన్సియుస్ అనే ఇంజనీరు 1887 నుంచి 1895 దాకా నదిని సరిచేసి, పాయలు మూయించి, ఓడలు మళ్ళీ ఊరిదాకా వచ్చేలా చేశాడు. దాని ఫలితం ఇంకోటి కూడా. అంతకుముందు బ్రేమెన్‌లో పోటు కొద్దిగా ఉండేది. ఇప్పుడు పోటుకీ పాటుకీ తేడా నాలుగు మీటర్ల దాకా ఉంది.

ఓడలో మా పక్కన బ్రాకె వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు దంపతులు కూర్చున్నారు. నదిని ఇంకా లోతు చేస్తామని ప్రభుత్వం అంటోందనీ, లోతు చేసినకొద్దీ ఉప్పునీరు పైకి వచ్చి ఆవులు తాగే గుంటల్లోకి చేరుతోందనీ ఆ ఆయన చాలా బాధగా చెప్పాడు. ఈ లోతు తగువు యూరోపియన్ కోర్టుదాకా వెళ్ళింది. ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప, నీటి నాణ్యత దిగజార్చే పనులకి అనుమతి ఇవ్వకూడదని 2015లో కోర్టు తేల్చింది. నేను తెలుగులో చెబుతుంటే నాన్న తల ఊపుతూ, ‘అంతర్వేది వైపు చేలు అడుగు, అదే చెబుతాయి’ అన్నారు. నేను అది జర్మన్‌లో చెప్పాను. ఆయన నాన్నతో చేయి కలిపాడు.

బ్రేమర్‌హాఫెన్‌లో వలసవెళ్ళిన వాళ్ళ మ్యూజియం తప్పకుండా చూడండి. 1830 నుంచి 1974 దాకా ఈ రేవు నుంచి 70 లక్షల మందికి పైగా కొత్త దేశాలకి ఓడెక్కారు. లోపల రేవుగట్టు మీద చీకట్లో మూటలతో నిలబడిన మనుషుల బొమ్మలున్నాయి. అమ్మ అక్కడ ఆగిపోయింది. మూట పట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి, నా చేయి పట్టుకుంది. ఏమీ అనలేదు. ఆ తర్వాత కాఫీకి కూడా రానంది.

కంటెయినర్ రేవు దాదాపు 5 కిలోమీటర్లు ఒకే వరస. దాన్ని చూడ్డానికి డబ్బు పెట్టి టూరు ఎక్కకండి. నది దాటి బ్లెక్సెన్‌కి పోయే మామూలు ఫెర్రీ ఎక్కండి. ముగ్గురికీ రానూ పోనూ 18 యూరోలు అయింది. సముద్రం వైపు గాలి, పెద్ద ఓడలు, నది వెడల్పు అన్నీ అందులోనే దొరుకుతాయి. ఈ నది సగటు ప్రవాహం బ్రేమెన్ పైన సెకనుకు 300 ఘనమీటర్లకు పైనే అని చెబితే, నాన్న మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టి, ‘పదివేల క్యూసెక్కుల పైచిలుకు. మన మూడు డెల్టా కాలవల నీళ్ళు కాస్త అటూ ఇటూ’ అన్నారు. తర్వాత, ‘ఇంత నీళ్ళతోనే ఇంత పని చేయించుకున్నారు’ అని నోటుబుక్కు తీశారు. ధవళేశ్వరంలో తనతో పనిచేసిన లస్కరు ఒకాయనకి చూపించడానికి మిండెన్ లాకు అరల బొమ్మ గీసుకున్నారు. అది సరిగ్గా వచ్చిందో లేదో చూడమని నన్ను రెండుసార్లు అడిగారు.

లాంచీ వాళ్ళకి నేను ఆగస్టు 20న ఉత్తరం రాశాను, మూడు వారాలకి అవే షరతులు మళ్ళీ పంపారు. 36 యూరోల వోచరు నా దగ్గరే ఉంది, వచ్చే సీజన్ చివరిదాకా చెల్లుతుంది, పేరు రాసి లేదు. ఎగువ వేజర్ వైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను. మే నెలలో వెళ్ళండి, ముందురోజు గేజి చూసుకోండి.